సీసాలో తెచ్చిన సముద్రపు పురుగులు

గురువారం, బోధన్

ఒళ్లు మండిపోతోంది. విశాఖలో పెళ్లికి పోయినప్పుడు సముద్రపు రాళ్ల మీది నాచులో జొన్నగింజంత పురుగుల్ని చూశాను. అచ్చం రొయ్య పిల్లలే, పట్టబోతే ఎగురుతాయి. సైన్సంటే ప్రాణమిచ్చే నా బిడ్డ శ్రావణికి చూపిద్దామని నాచుతో, ఆ ఉప్పునీళ్లతో సహా సీసాలో వేసి, రైల్లో ఒళ్లో పెట్టుకొని తెచ్చాను. పొద్దున ఇల్లు చేరేసరికి పిల్ల బడికి పోయింది.

నేను ఓ కునుకు తీసేలోపల మా అవ్వ సీసాలోని నీళ్లు పారబోసి నల్లా నీళ్లు నింపింది.

"గంత ఉప్పుల పాపం ఎట్ల బతుకుతయిరా? కండ్లు మండవా? మంచినీళ్లు పోసిన."

అన్నీ చచ్చాయి. నేను అరుస్తుంటే నవ్వుతోంది!

"సాలు తియ్ నీ యాక్టింగ్. మొన్న మజ్జిగల రబ్బరు బల్లిని ఏసినోనివి నువ్వే గదా."

సాయంత్రం శ్రావణి సీసాను వెలుతురుకు పెట్టి చూసింది. "ఎండు రొయ్యల పొట్టు ఏసినవా బాపూ?"

"కాదు బిడ్డా, పొద్దుగాల దాక ఎగిరినయి. ఒట్టు."

"నీ ఒట్లు మస్తు జూసిన" అని సీసా నా చేతిలో పెట్టి పోయింది.

ఒక్కటి బతికున్నా అవ్వను ఏమీ అనకపోదును. ఇప్పుడు ఆ పిల్లకు ఏం చూపించి నమ్మించాలి...