పేరు ఊడబీకిన గిన్నె

సోమవారం, బట్టలు ఆరేసి వచ్చాక

చిరంజీవి లవీనాకు మీ అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మనుషులమూ, పశువులూ, కొత్త కొట్టమూ అందరం క్షేమం. నువ్వు కూడా క్షేమంగా ఉన్నావనీ, ఆసుపత్రిలో వాళ్ళు నీకు వేళకింత తిండి తినే తీరిక ఇస్తున్నారనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. ఇన్నాళ్ళూ జవాబు రాయలేదంటే అమ్మకు బద్ధకం అనుకోకు. మూడుసార్లు కాగితం తీశాను. మొదటిసారి పాల క్యాన్ల బండి వచ్చింది, రెండోసారి వాన వచ్చింది, మూడోసారి ఏమీ రాలేదు, ఊరికే లేచిపోయాను. ఎందుకో చివరికి నీకే తెలుస్తుంది. ముందు నువ్వు అడిగినవి ఒక్కొక్కటీ చెప్తాను.

మీ నాన్న బొటనవేలు నయమవుతోంది. గోరు నల్లబడి ఊడిపోయింది. నేను కట్టు కడుతుంటే, “పోయింది ఒక్క గోరే కదే, ఇంకా తొమ్మిది ఉన్నాయి” అంటారు. సుత్తి ఎవరిదని అడిగావు, ఆయనదే. పిడుగు పడి పాత కొట్టం కాలిన రాత్రి చచ్చిపోయిన రెండు దూడల మాట మాత్రం ఇప్పటికీ ఎత్తరు. కొత్త కొట్టంలో వాటి చోటు అలాగే ఖాళీగా వదిలేశారు.

నీ తమ్ముడు రోమన్, ఊరంతా కలిసి మన కొత్త కొట్టం ఎత్తిన రోజున తన ట్రక్కు వేసుకుని వచ్చాడు. దూలాలు మోశాడు, మీ నాన్న పక్కనే బల్ల దగ్గర కూర్చుని నాలుగుసార్లు వడ్డించుకుని తిన్నాడు. బాప్తిస్మం తీసుకోకుండానే సంఘం వదిలి వెళ్ళాడు కనుక వాడికి ఏ అడ్డూ లేదు. నువ్వు పంతొమ్మిదేళ్ళకే మోకరించి మాట ఇచ్చి, తర్వాత సంఘం ఒప్పని నర్సు చదువు కోసం వెళ్ళావు కనుక వెలి. మాట ఇవ్వనివాడికి పీట, ఇచ్చిన పిల్లకు గడప అవతల. ఇలా రాయడం తప్పని తెలుసు. రాసేశాను, కొట్టివేయను.

వెల్మా పెళ్ళి నవంబరులోనే. ఆరాధనలో చాటించేదాకా ఎవరికీ తెలియకూడదని అది నోరు కుట్టేసుకు తిరుగుతోంది గానీ, మన పెళ్ళివిందుకి తప్పనిసరైన సెలరీ కాడలు తోటలో పన్నెండు వరుసలు వేశాక ఇక దాగేదేముంది? ఉత్తరాలు తెచ్చే అతను, మన సంఘం కాని ఇంగ్లీషు మనిషి కూడా బండి ఆపి, “ఏమ్మా, ఈ ఏడు సెలరీ బాగా తింటున్నారే!” అని నవ్వి పోయాడు. నీ చెల్లెలు ఎర్రగా కందిపోయి లోపలికి పరిగెత్తింది.

క్యాసరోల్‌కి ఉప్పు ఎంత వేయాలని మళ్ళీ అడిగావు. నీకు ముప్ఫై ఒకటో ఏడు, ఇంకా అడుగుతూనే ఉన్నావు! పద్నాలుగు గుడ్లకు చిన్న చెంచా నిండా. సాసేజిలో ఎలాగూ ఉప్పుంటుంది, చీజ్‌లో ఉంటుంది, కానీ రొట్టె ముక్కలూ ఆలుగడ్డలూ అదంతా పీల్చేస్తాయి. రొట్టె ఒకరోజు ముందు కోసి ఎండబెట్టు, తాజాది వేస్తే జావ అవుతుంది. గుడ్లూ పాలూ పోశాక చేత్తో నొక్కి, రాత్రంతా చల్లటి చోట నాననిచ్చి, పొద్దున ఓవెన్‌లో గంటసేపు కాల్చు. నీకు పన్నెండేళ్ళప్పుడు ఆరాధన ఇంటి భోజనాలకి నువ్వు రెండుసార్లు ఉప్పేస్తే, పెద్దవాళ్ళంతా నీళ్ళ కుండ దగ్గర వరస కట్టారు, గుర్తుందా? ఆ రోజు నుంచీ ఉప్పు డబ్బా దగ్గర నీ చెయ్యి వెనకాడుతుంది. ఇంట్లో నువ్వు వండిన రోజున ఎవరూ చెప్పక్కర్లేకుండానే అందరికీ తెలిసిపోయేది.

ఇక నువ్వు అసలు అడిగినది. “నా క్యాసరోల్ బాగా కాలిందా? ఎవరిదని ఎవరైనా అడిగారా? నాన్న తిన్నారా? అందరూ తినే ఉంటే వెల్మా పెళ్ళికి రెండు చేసి తెస్తాను, ఇప్పటినుంచే సెలవు అడుగుతాను” అని రాశావు. బాగా కాలింది, అందరూ లొట్టలు వేసుకుంటూ తిన్నారు, రెండు కాదు మూడు తే అని రాస్తే నువ్వు వస్తావు. రాయాలని కూడా అనిపించింది. లవీనా, నీ వంట ఆ రోజు ఎవరూ తినలేదు. తిననివ్వనిది నేనే.

కొట్టం ఎత్తిన రోజు పొద్దున నువ్వు వచ్చినప్పుడు ఇంకా సరిగ్గా వెలుగు రాలేదు. మాకు తలవంపులు కాకూడదని కారు రోడ్డు మీద ఉత్తరాల పెట్టె దగ్గరే ఆపి, అంత బరువు గిన్నె తువ్వాలులో చుట్టుకుని నడిచి వచ్చావు. నేను గుర్రపు బగ్గీల షెడ్డులో బల్లలు తుడుస్తున్నాను. నువ్వు గిన్నె అందించబోయి ఆగావు, వెలి అయినవాళ్ళ చేతి నుంచి మేం ఏదీ పుచ్చుకోకూడదు కదా.

“అక్కడ పెట్టు తల్లీ” అన్నాను.

“తెలుసులేమ్మా” అని నవ్వావు. బెంచీ మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశావు. అప్పుడు నేను తీసుకున్నాను. “ఇంకా కాల్చలేదు, గంట పడుతుంది. నాకు ఏడింటికి డ్యూటీ” అన్నావు. కాలిన నేల వైపు చూసి, “నాన్నేరీ?” అన్నావు.

“కింద, దూలాల దగ్గర. పిలవనా?”

“వద్దులే. ఆయన్ని ఇబ్బంది పెట్టకు” అనేసి వెళ్ళిపోయావు. ఇంతవరకూ నీకు తెలుసు. మిగతాది వినమ్మా.

ఊళ్ళో ఆడవాళ్ళు పంపిన క్యాసరోళ్ళు అప్పటికే పదిహేడు వచ్చాయి, రెండు వందల మందికి. ఎవరి గిన్నె వాళ్ళకి తిరిగి చేరాలి కనుక అన్నిటి అడుగునా పేరు రాసిన పట్టీ అంటించి ఉంది. నీది కూడా తిప్పి చూశాను. బడిపిల్ల రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో లవీనా అని రాసి, చుట్టూ గీత గీశావు. ఆ గిన్నె నేనిచ్చిందే, మూల పెచ్చు ఊడిన నీలం గిన్నె. అప్పుడే సంఘంలో తప్పులు విచారించే డీకన్ గారి భార్య అల్టా, ఆమెతో మీ ఎడ్నా అత్తయ్యా నీళ్ళ బిందెలతో వస్తున్నారు. నేను ఆ పట్టీ ఊడబీకి, ఉండ చుట్టి ఏప్రన్ జేబులో వేసుకున్నాను.

ఆ క్షణాన నా మనసుకి నేను చెప్పుకున్నది ఒకటే, పేరు లేకపోతే ఎవరూ అడగరు, పిల్ల చేసింది నలుగురూ తింటారు అని. ఎంత తెలివితక్కువదాన్ని! పదిహేడు పేర్ల మధ్య పేరు లేనిదే ముందు కంట పడుతుందని తోచలేదు.

“సలోమా, ఇదెవరిదమ్మా? పట్టీ లేదే” అంది అల్టా.

“ఎవరిదో” అన్నాను.

మీ అత్తయ్య సంగతి తెలిసిందేగా, నోరు ఊరుకోదు. “పేరు పెట్టకుండా పంపిందంటే తన వంట మీద తనకే నమ్మకం లేదన్నమాట! పాపం, అమ్మా అయ్యా లేని గిన్నె!” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లవీనా. అందరికంటే కాస్త గట్టిగానే నవ్వాను.

అల్టా మాత్రం నవ్వలేదు. మిగతావాళ్ళు అటు తిరిగాక నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, “రోడ్డు మీద కారు దీపాలు కనిపించాయి. నీకు తెలిస్తే చెప్పు సలోమా, నేనేమీ అనుకోను. బెంచీ మీద పెట్టింది నువ్వు తీసుకున్నావు, అంతేగా” అంది. ఎన్నేళ్ళుగానో ఏ మనిషిని చూసి భయపడుతున్నానో ఆ మనిషే నాకు దారి ఇచ్చింది. “నాకు తెలియదన్నానుగా” అన్నాను.

ఆ తర్వాత ఆ గిన్నెని చూస్తూ ఉండలేకపోయాను. పాలు చల్లబెట్టే ఊట గదిలోకి తీసుకుపోయి, చల్లటి నీళ్ళలో పాల క్యాన్ల వెనకాల పెట్టేశాను. మగవాళ్ళు మూడు విడతలుగా తిన్నారు. మూడో విడతలో ముప్ఫై మందికి తక్కువ వచ్చింది. వెల్మా ఖాళీ గరిటెతో పరిగెత్తుకొచ్చి, “ఇంకేమైనా ఉందా అమ్మా?” అంది. “లేదే, అయిపోయింది” అన్నాను. ఆ ముప్ఫై మందీ రొట్టెకి ఆపిల్ గుజ్జు రాసుకుని తిని, మారుమాట లేకుండా దూలాలెక్కారు. మన కొట్టం కట్టడానికి వచ్చినవాళ్ళని ఆకలితో ఎక్కించాను.

సాయంత్రం కడిగిన గిన్నెలన్నీ వసారాలో బోర్లించాం. ఆడవాళ్ళు పేర్లు చూసుకుని ఎవరివి వాళ్ళు తీసుకుపోయారు. నీది అక్కడ లేదు, ఎవరూ అడగలేదు కూడా.

మర్నాడు పొద్దున పారబొయ్యలేక దాన్ని ఓవెన్‌లో పెట్టి కాల్చాను. పందులకి వెయ్యడానికి చేతులు రాలేదు. మీ నాన్న పాలు పితికి వచ్చి, వాసన చూసి, “నిన్నటిది మిగిలిందా? చాలలేదన్నారే” అంటూ కూర్చున్నారు. తల వంచి మౌనంగా ప్రార్థించుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆగిపోయింది.

“లవీనా ఎప్పుడొచ్చింది?” అన్నారు.

“ఎవరు చెప్పారు మీకు?” అన్నాను.

“ఉప్పు లేదు” అన్నారు.

అంతా చెప్పాను. జేబులోని ఉండ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన కోప్పడతారనుకున్నాను, సంఘం మాట ఎత్తుతారనుకున్నాను. ఆ ఉండని నల్లబడిన వేలితో మెల్లగా విప్పి, బల్ల మీద సాపు చేసి చదివారు.

“చేత్తో పుచ్చుకోవద్దని నియమం. ఎవరి పిల్లో తెలియదనమని ఎవరే చెప్పారు నీకు?” అన్నారు.

“ఎవరూ చెప్పలేదు” అన్నాను.

ఉప్పు డబ్బా ఆయన వైపు జరిపాను. పక్కకి నెట్టేసి అలాగే తిన్నారు. రెండోసారి కూడా వడ్డించుకున్నారు. కళ్ళు తుడుచుకోవడానికని బయటికి పోలేదు, నా ఎదుటే తుడుచుకున్నారు. నాన్న తిన్నారా అని అడిగావు కదా, తిన్నారు.

వచ్చే ఆదివారం కాక ఆ పైవారం, ప్రభువు బల్లలో రొట్టే ద్రాక్షరసమూ తీసుకోవడానికి ముందు సంఘం కూర్చుంటుంది. దేవుడితోనూ మనుషులతోనూ సమాధానంగా ఉన్నావా అని ఒక్కొక్కరినీ అడుగుతూ వస్తారు, నీకు తెలియందేముంది. నువ్వు వెళ్ళిన ఈ ఏడేళ్ళుగా ఉన్నాననే చెప్తున్నాను. ఈసారి చెప్పలేను. లేచి నిలబడి, అబద్ధం ఆడానని, మూడుసార్లు ఆడానని ఒప్పుకుంటాను. మీ అత్తయ్య కూడా అక్కడే ఉంటుంది, విననీ. నాకు అంతకంటే భయం ఈ ఉత్తరం పెట్టెలో వెయ్యడం. ఇది చదివాక నువ్వు మా గడప తొక్కనంటే, తొక్కమని అడిగే మొహం నాకు లేదు.

అయినా అడుగుతున్నాను. పెళ్ళికి రా. మారని సంగతి కూడా ముందే చెప్తున్నాను, నువ్వు తెచ్చింది నీ చేతుల్లోంచి అందుకోలేను, మళ్ళీ బెంచీ మీదే పెట్టాలి. నీకు వేరే బల్లే వేస్తారు. ఆ బల్లని మా బల్లకి బెత్తెడు ఎడంగా జరిపి, రెండిటి మీదా ఒకే గుడ్డ పరుస్తానన్నారు మీ నాన్న. అంతవరకే మా చేతుల్లో ఉంది.

నీ నీలం గిన్నె వంటింట్లో నా గిన్నెల మధ్యే ఉంది. పాత పట్టీ మళ్ళీ అంటలేదు, కొత్తది నేను రాసి అంటించాను. రెండు తేవద్దు, ఒకటి తే, రెండోది ఇక్కడ ఈ గిన్నెలో నువ్వే కలుపు. ఉప్పు నీ ఇష్టం. పెళ్ళివారంతా కూర్చున్నాక వడ్డించేది నేనే. ఇదెవరిదని ఎవరైనా అడిగితే, నా పెద్దకూతురిదని చెప్తాను. అడగకపోయినా చెప్తాను.

ఇట్లు,
నీకు తప్పు చేసిన
మీ అమ్మ, సలోమా