పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే

జులై 8, సోమవారం
ఎనిమిదో తరగతిలో ఫోను దొరికింది. స్రవంతి దగ్గర. డ్రాయింగ్ టీచర్ని కదా, హెడ్‌మాస్టరు నన్నే పిలిచారు. "చూడండమ్మా, ఈ కాలం పిల్లలు ఏం చూస్తన్నారో!"
చూశాను. నేను గీసిందే. వేరే పేరుతో నెట్‌లో పెడుతున్న బొమ్మల కథ, పన్నెండో భాగం. మొగుడు పెళ్లాం జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టే పేజీ.
"ఛీ" అన్నాను. నా నోటితోనే.

జులై 9
కథ మొదట్లోనే ఎర్రక్షరాలతో పెట్టాను — పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే. కింద 'అవును' అని బటన్. నొక్కడానికి పదమూడేళ్ల వేలు చాలు. ఆ ముక్క ఎవరిని కాపాడాలని రాశాను... పిల్లల్నా, నన్నా?

జులై 11
స్రవంతి వాళ్లమ్మ ఎడ్లపాడు నుంచి వచ్చింది, మిల్లులో షిఫ్టు మానుకుని. ఫోను ఆమెదే. ఇంత ఎండలో చేతులు కనపడకుండా కొంగు చుట్టుకుని కూర్చుంది.
"ఎవడు గీశాడో గానీ, వాడి చేతులు పడిపోను!"
వాడు. మగాడే అయ్యుంటాడని.
హెడ్‌మాస్టరు రిపోర్టు రాయమన్నారు. 'ఇలాంటివి గీసేవాళ్లకు సిగ్గుండాలి' అని రాసి, సంతకం పెట్టాను. పిల్లకు మూడు రోజులు సస్పెన్షన్.

జులై 12
గీయలేదు.

జులై 16
స్రవంతి వచ్చింది. అందరూ వెళ్లాక క్లాసులో అడిగాను.
"అది ఎందుకు చూశావే?"
"మా అమ్మ చూసిద్ది మేడం. చూసి ఏడిసిద్ది. ఏందో అని నేనూ చూశా."
మరి ఆ రోజు ఆమె తిట్టిన తిట్టు... హెడ్‌మాస్టరు ముందు ఇంకేం అంటుంది.
"భయమెయ్యలేదా?"
"బొమ్మలకా?" నవ్వింది. "ఇంట్లో చూస్తానే ఉన్నాంగా."
పుస్తకాల సంచి తగిలించుకుంటూ, "ఆ బొమ్మల్లో ఆమె ఇంట్లోంచి పోయిద్దా మేడం? మా అమ్మ రోజూ ఫోను తీసి చూస్తంది, తర్వాతది వచ్చిందా అని."
నాకేం తెలుసన్నాను.
ఆ కథలో ఆడది నేనే. పదకొండేళ్లు పడ్డాను. గడప దాటింది నేను కాదు, ఆయనే — ఇంకొకామెతో. అది గీస్తే ఎవరికి పనికొస్తుంది?

జులై 18
శనివారం తల్లిదండ్రుల మీటింగు. పిల్లలు ఎలాంటి బొమ్మలు చూడకూడదో నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడతాను. పిల్లలు చూడాల్సింది కాదది, నిజమే. స్రవంతి ఇంట్లో జరగాల్సిందీ కాదు. అది ఏ మీటింగులో చెప్పాలి?

జులై 19
పదమూడో భాగం మొదలుపెట్టాను. పొమ్మని గీస్తే ఎక్కడికి పోవాలో కూడా నేనే గీయాలి. ఉండమని గీస్తే — ఎడ్లపాడులో ఒకామె చూస్తుంది, ఆమె పక్కన కూతురూ.
బొమ్మలో ఆమె వాకిలి దాకా వచ్చింది. చేతిలో సంచి పెట్టాను. చెరిపాను. మళ్లీ పెట్టాను.