మడుగు బొమ్మలో నీ ముడులు

నాన్నా,

హోటల్ కోసం గీస్తున్న మన మడుగు బొమ్మలోంచి నీ ముడులు చెరిపేయమన్నారు. కోపం ఆపుకోలేక ఈ కార్డు రాస్తున్నాను. చెల్లీ, కోపంగా రాసినచోట కోపంగానే చదివి వినిపించు.

హోటల్ యజమాని హాలు గోడకి తగిలించడానికి అడవిలోని మడుగు బొమ్మ కావాలంటే, నువ్వు రెల్లు కోసే మడుగే గీశాను. ఊబి తెలిసేలా నువ్వు రెల్లు కొసలు ముడేసేవాడివి కదా, అవీ వేశాను. నిన్న ఆయన చూసి, "గడ్డికి జడలేశావేంటమ్మా? మనిషి అడుగుపెట్టని చోటులా ఉండాలి, తీసెయ్" అన్నాడు.

"ఆ ముడులు లేకపోతే మా నాన్న ఇంటికొచ్చేవాడు కాదండీ" అన్నాను.

"మీ నాన్న గొడవ మా అతిథులకెందుకమ్మా?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రెల్లు కోసిన డబ్బుతోనే కదా నువ్వు నన్ను చదివించింది! పదకొండో తారీఖుకి నేను తీయకపోతే, బోర్డులు రాసేవాడితో వాటిమీద పచ్చరంగు పూయిస్తాడట. చేతికొచ్చిన మొదటి పెద్ద పని పోతే పోనీ, బొమ్మ ఇంటికి తెచ్చేస్తాను.

అమ్మ మోకాలు ఎలా ఉంది? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? చెల్లికి ముద్దులు.

ఊబి ఉన్నచోట రెండు ముడులు, కాలు ఆనేచోట ఒకటి అని వేశాను. అంతేనా, నాకు తలకిందులుగా గుర్తుందా? ఊబిలోకి దారి చూపే బొమ్మ కింద నా పేరు రాసుకోలేను. పదో తారీఖులోగా అందేలా జవాబు రాయించు.

నీ పెద్దమ్మాయి