కణతకు తగిలిన కాలు

ప్రియమైన చెల్లికి,
నువ్వు శిక్షకుల కోర్సుకు వెళ్లాక మన కరాటే హాలు బోసిపోయింది. వచ్చే నెల నుంచి సర్టిఫికెట్ లేనివాళ్లు నేర్పకూడదట! ఇన్నేళ్ల నా అనుభవాన్ని ఎక్కడ దాచుకోమంటారో ఒకసారి అడుగు. ఇద్దరం వెళ్తే క్లాసు ఎవరు చెప్తారని నిన్ను పంపాను. నువ్వు పరీక్ష తప్పితే హాలు మూసుకోవాల్సిందే.
నిన్న మన పొడుగుకాళ్ల పిల్ల తన్నితే తిన్నగా నా కణతకు తగిలింది. చుక్కలు కనిపించాయి. లేచి నేనే చప్పట్లు కొట్టాను.
బాగా చదువుకో.
నీ అక్క

ప్రియమైన అక్కా,
చుక్కలు కనిపించాయని నవ్వుతూ రాశావు. నాకు నవ్వు రాలేదు. తలకు దెబ్బ తగిలితే వెంటనే పక్కన కూర్చోబెట్టాలి, డాక్టరు సరేననేదాకా మ్యాట్ ఎక్కనివ్వకూడదు. ఇక్కడ మొదటి పాఠమే అది. "నేర్పేవాళ్లకు కూడానా?" అని అడిగితే మా మేడమ్, "వాళ్ల తల ఇనుముతో చేశారా?" అన్నారు.
తలనొప్పి ఉందా? వెలుతురు చూడగలుగుతున్నావా? ఫోన్‌లో అడిగితే బాగున్నానని పెట్టేస్తావు. నిజం రాయి. నాకు భయంగా ఉంది.
నీ చెల్లి

ఒసే చిన్న డాక్టరూ,
నాలుగు పాఠాలు విన్నావో లేదో నాకే వైద్యం మొదలుపెట్టావా? తలనొప్పి ఎవరికి లేదు? ఎండ చురుక్కుమంటోందని కిటికీలకు దుప్పట్లు కట్టాను, అంతే. నిన్న అంకెలు చెప్తూ ఐదు తర్వాత ఏమిటో తట్టక ఆగిపోయాను. పరీక్ష పెడుతున్నాననుకుని పిల్లలే పూర్తి చేశారు. బంగారు కొండలు! నేను మంచమెక్కితే వీళ్లంతా పక్క వీధి జిమ్ముకి పోతారు.
అన్నట్టు, మన పొడుగుకాళ్ల పిల్ల నా కణత మీద తన్నింది, చెప్పానా? చుక్కలు కనిపించాయనుకో!
నీ అక్క

అక్కా,
మళ్లీ కోర్సులో చేరాను. ఆ ఉత్తరం చదివి పరీక్ష వదిలేసి బస్సెక్కి వచ్చి నిన్ను ఆస్పత్రిలో చేర్చినందుకు నువ్వు నా ముఖం కూడా చూడలేదు. తిట్టినా బాగుండేది. ఇంకో దెబ్బ తగిలితే మనిషి దక్కదని డాక్టరు చెప్పారు. సర్టిఫికెట్ లేక హాలుకు తాళం పడింది నా వల్లే, ఒప్పుకుంటాను. కానీ మళ్లీ అలాంటి ఉత్తరం వస్తే మళ్లీ బస్సెక్కుతాను.
మందులు వేసుకుంటున్నావా? ఒక్క ముక్క రాయి.
నీ చెల్లి

చిట్టీ,
ఎక్కువ రాయొద్దన్నారు. మందులు వేసుకుంటున్నాను.
నిన్ను చూడకపోవడం కోపంతో కాదే. నీ ముఖం గుర్తుపట్టాను, పేరు గుర్తు రాలేదు. అది నీకు తెలిసిపోతుందని గోడవైపు తిరిగాను. ఇప్పుడు గుర్తుంది. రోజూ లేవగానే ఒకసారి పైకి అనుకుంటున్నాను.
నువ్వు పాసై వచ్చి హాలు తెరుస్తావు. ఆ రోజు నేను బెల్టు కట్టుకుని వస్తాను, నా సంగతి నాకు తెలుసు. తగ్గిపోయిందంటాను. పెద్దదాన్నని గదమాయిస్తాను, ఏడుస్తాను.
నన్ను మ్యాట్ ఎక్కనివ్వకు.
నీ అక్క