వీడ్కోలు పాట నీకు లేదు

ఒసేయ్ మార్తా,

బాగున్నావా అని అడగను. నీమీద కోపం తగ్గలేదు, తగ్గదు కూడా.

హోప్ టౌన్‌లో మన బైబిల్ ట్రైనింగ్ హాస్టల్ నుంచి ఎవరు ఊరెళ్తున్నా గుమ్మం దగ్గర నిలబెట్టి, వీడ్కోలు పాట పాడి పంపేవాళ్ళం కదా. ఆ క్రిస్మస్‌కి కార్ నికోబార్‌లో మీ ఇంటికి ఓడెక్కబోతూ నువ్వొక్కదానివే వద్దన్నావు. "వారంలో వచ్చేస్తానే, దీనిక్కూడా పాటలా?" అని నవ్వావు. ఆ ఆదివారం సునామీ వచ్చింది. నువ్వు రాలేదు.

నీ పుణ్యమా అని ఇప్పుడు వార్డెన్ దీదీ చేపలకి బజారుకెళ్ళేవాళ్ళకి కూడా పాడిస్తోంది. పన్ను పీకించుకోడానికి మిన్నీ బే వెళ్తుంటే నాకూ పాడారు. సిగ్గుతో చచ్చాననుకో.

ఈరోజు మన బ్యాచ్ వెళ్ళిపోతోంది. పెట్టెలన్నీ వాకిట్లో పెట్టాం. మా అందరికీ పాడడం అయ్యాక దీదీ కళ్ళు తుడుచుకుని, "చలో, మార్తాకి కూడా ఒకసారి పాడేద్దాం" అంది. అందరూ అందుకున్నారు. నేను నోరు తెరవలేదు.

"నీ గొంతుకేమైందే?" అని గసిరింది దీదీ.

"వెళ్ళేవాళ్ళకి కదా దీదీ పాడేది. అది వస్తానని చెప్పింది" అన్నాను.