అవ్వ గొంతు మీద ఇంకొకరి పాట

ఉదయగిరి, ఆగస్టు 1996, ఆదివారం రాత్రి.

రోత పుడుతోంది.

ఇవాళ చర్చిలో మరియమ్మవ్వ సంవత్సరీకం. ఇక్కడి నుంచి దుత్తలూరు దాకా ఎవరి సమాధి దగ్గరైనా సరే, అవ్వ పాడితేనే జనం కరువుదీరా ఏడ్చేవాళ్లు. కొండాపురంలో ఒక హిందూ రైతు చనిపోతే అక్కడికీ వెళ్లి పాడిందని, ఇదే పాస్టరు ఆమెను పదేళ్లు పాటల బృందంలో నిలబడనివ్వలేదు. ఇవాళేమో ఆమె ఫొటోకు దండ వేసి, "మన సంఘం ముద్దుబిడ్డ" అన్నాడు. సిగ్గు లేని మనిషి.

తర్వాత క్యాసెట్ పెట్టాడు. అవ్వ గొంతు ఉన్నది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. పోయిన నెల నేనే తెచ్చి ఇచ్చాను. తీరా వినిపించింది ఆయన కోడలి గొంతు.

"ఇదేంది అయ్యగారూ, అవ్వ పాట ఏమైంది?" అన్నాను మెల్లిగా.

"దాంట్లో అంతా దగ్గేరా. అందుకని ఆ క్యాసెట్ మీదనే మా కోడలి చేత నీట్‌గా పాడించినాను."

కోడలి పాట ముగిసింది. చెరిగిపోకుండా మిగిలిన చివరి ముక్కలో అవ్వ దగ్గింది. "ఏంది నాయనా, అందరూ నోళ్లు మూసుకోనుండారు? మీరూ పాడండి" అంది. పాస్టరు గబుక్కున ఆపేశాడు.

క్యాసెట్ వెనక ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలు విరగ్గొడితే దానిమీద ఇంకేదీ రికార్డు కాదు. ఇచ్చేటప్పుడు ఆ సంగతి గుర్తొచ్చింది కూడా. అయ్యగారు ఏమనుకుంటారోనని విరగ్గొట్టలేదు.

అవ్వ అడిగినప్పుడు కూడా నోరు మూసుకునే కూర్చున్నాను.