ఉత్త పైపు

3 నవంబర్ 2008, సోమవారం

ఉదయం 5.10. మొదటి రోజు. చివరి సిగరెట్టు నిన్న సాయంత్రమే అయిపోయింది. ఖాళీ ప్యాకెట్టు నలిపి మోరీలో పడేశాను. మనసు తేలికగా ఉంది.

కారణం అమ్మ. పోయిన నెల ఆరు రోజులు దవాఖానలో ఉండి వచ్చింది. చుట్ట మానకపోతే ఇంకో చలికాలం చూడడం కష్టమని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు. అమ్మకు యాభై ఏళ్ల అలవాటు. బతిమాలితే వినలేదు. నా భార్య యమున చుట్టలు దాచిపెడితే అన్నం ముట్టలేదు. చివరికి నిన్న తనే బేరానికి వచ్చింది.

"నువ్వు సిగరెట్లు ఇడిస్తే నేను చుట్ట ఇడుస్త. నువ్వు తాగిన్నాడు నేను గూడ తాగుత. ఇగ నీ ఇష్టం కొడుకా."

అంటే అమ్మ ఊపిరి నా చేతుల్లో ఉంది. రోజుకు ఎనిమిది సిగరెట్లు తాగే మనిషి చేతుల్లో.

అయినా నాకు భయం లేదు. పదకొండేళ్లుగా నా ఉద్యోగమే ఇది. బొగ్గుగనిలోకి దిగేవాళ్లను ఇంక్లైన్ వాలుదారి దగ్గర ఆపి, జేబులు, టిఫిన్ డబ్బాలు, హెల్మెట్లు వెతికి బీడీలూ అగ్గిపెట్టెలూ లాక్కుంటాను. కింద గ్యాసు ఉంటుంది, ఒక్క పుల్ల గీస్తే అందరూ పోతారు. షిఫ్టుకు రెండు వందల మందిని ఆపేవాణ్ణి, ఒక్కణ్ణి ఆపుకోలేనా?

సాయంత్రం 6.30. ఒక్కటి కూడా తాగలేదు. చేతులకే ఏం చేయాలో తోచడం లేదు. యమున చిక్కుడుకాయలు ముందు పోస్తే రెండు కిలోలూ ఒలిచేశాను. ఇంకా ఉన్నాయా అని అడిగాను.

5 నవంబర్, బుధవారం

సాయంత్రం 4.15. దొరికింది! చేతులకు పని దొరికింది.

పాత సామాన్ల గులాం అలీ చాచా దుకాణంలో ఒక రేకు పెట్టె. కొత్తగూడెంలో ఎవరో పాత ఆఫీసరు బంగళా ఖాళీ చేస్తే వచ్చిందట. లోపల ఏడు పైపులు. నోట్లో పెట్టుకుని పొగతాగే దొరల పైపులు.

"తీస్కపో భాయ్. మూడేండ్ల సంది పడున్నయి. ఒక్కడు గూడ అడుగలే," అన్నాడు చాచా.

నా సిగరెట్ లైటరూ, పలకని రేడియో కూడా ఇచ్చి పెట్టె తెచ్చుకున్నాను. లైటరు ఇచ్చేశానంటే నా పట్టుదల ఏపాటిదో అర్థం చేసుకోవాలి.

సంకల్పం: పైపులు సేకరించాలి. ఒక్కొక్కటీ ఏ దేశానిది, ఏ కాలానిది, ఎవరు చేశారు, అన్నీ కనిపెట్టాలి. ముట్టించకూడదు. చచ్చినా ముట్టించకూడదు.

8 నవంబర్, శనివారం

ఇంటర్నెట్ సెంటర్లో గంటన్నర. తెలుసుకున్నవి:

మంచి పైపును బ్రయర్ అనే పొద వేరు బుడిపెతో చేస్తారు. సముద్రం అవతలి దేశాల్లో పెరుగుతుందట. నిప్పు పెట్టినా త్వరగా కాలదు. అందుకే పైపు.

కర్రలో పక్షి కళ్లలాంటి చుక్కలుంటే మేలైన రకం.

మెడ మీద సన్నటి ముద్ర ఉంటుంది. చేసినవాడి పేరు, ఊరు, ఒక నంబరు. అది చదవగలిగితే పైపు జాతకం మొత్తం చెప్పవచ్చు.

ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూశాను. మూడో పైపు మీద "బ్రూయెర్" అని ఉంది. చేసినవాడు దొరికాడని యమునకు చెప్పాను, బ్రూయెర్ దొర చేసిన పైపు అని. రెండో పైపు మీదా బ్రూయెరే. అయిదో దాని మీదా అతనే. ఎంత కష్టజీవో అనుకున్నాను. మళ్లీ సెంటరుకు వెళ్లి చూస్తే ఫ్రెంచి వాళ్లు బ్రయర్ కర్రనే అలా రాస్తారట. యమునకు ఇంకా చెప్పలేదు.

ఆరో రోజు. సిగరెట్టు ఊసే లేదు.

11 నవంబర్, మంగళవారం

డ్యూటీ నుంచి వచ్చేసరికి మా క్వార్టరు ముందు జనం. అమ్మకేమైందోనని పరుగెత్తాను. దగ్గరికి వెళ్తే అమ్మ గడప మీద కూచుని ఉంది. నోట్లో నా ఆరో పైపు. బుల్‌డాగ్ అంటారు ఆ రకాన్ని, పొగాకు పోసే గిన్నె బలిష్ఠంగా ఉంటుంది. ఉత్త పైపే, పొగాకు లేదు. పీలుస్తోంది, వదులుతోంది, పక్కింటివాళ్లు నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"ఏందమ్మా ఇది?"

"నోరు ఊకుంటలేదురా. ఉత్తదే. నీది నీకు ఆడుకునుడైతే నాది నాకు," అంది.

ఎదురింటి సమ్మవ్వ, "పూలక్కా, అచ్చం ఇంగిలీషు దొరసాని లెక్కనే ఉన్నవు," అంది. అమ్మ పైపు తీసి చీర కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

ఆరో పైపు సేకరణ నుంచి పోయినట్టే. పోనీ. తొమ్మిది రోజులుగా అమ్మ చుట్ట ముట్టలేదు.

16 నవంబర్, ఆదివారం

మధ్యాహ్నం 1.20. నాలుగో పైపు మెడకు వెండి పట్టీ ఉంది. నల్లబడి ఉంటే ఇన్నాళ్లూ ఇనుమనుకున్నాను. దాని మీద ఒక సింహం, ఒక లంగరు, ఒక అక్షరం. లంగరు గుర్తు బర్మింగ్‌హామ్ ఊరిదట. అక్షరాన్ని బట్టి సంవత్సరం చెప్పవచ్చు. నా లెక్క సరైతే 1908.

వందేళ్లు! మా ఊళ్లో ఎవరి దగ్గరుంది వందేళ్ల పైపు?

కర్ర మీద చేసినవాడి పేరు కూడా ఉంది. మసి కింద సగమే కనిపిస్తోంది. రేపు నెమ్మదిగా తుడిచి చదవాలి.

17 నవంబర్, సోమవారం

సాయంత్రం 3.50. యమున తోమేసింది.

నన్ను సంతోషపెడదామని ఏడింటిలో అయిదు పైపులను చింతపండు, సబ్బు, స్టీలు పీచు పెట్టి తోమింది. వెండి పట్టీ పెళ్లి బిందెలా మెరుస్తోంది. కర్ర మీది పేరు లేదు. మసితో పాటు పేరూ పోయింది.

"వందేండ్ల పేరు యమునా అది," అన్నాను.

"వందేండ్ల ఎంగిలి గూడ," అంది.

ఎప్పటిదో తెలుసు, ఎవరిదో ఇక తెలియదు. అన్నం సరిగా తినలేదు. అయినా సిగరెట్టు తాగలేదు. ఇది రాసి పెట్టుకోవాలి.

22 నవంబర్, శనివారం

అయిదు రోజులుగా నాలుగో పైపు గురించే ఆలోచన. ఇవాళ సెంటర్లో ఒక సంగతి చదివాను. పాతకాలపు మంచి తయారీదారులు కర్రను ఏళ్ల తరబడి ఆరబెట్టేవారట. అలాంటి పైపు పొగ చల్లగా, పొడిగా వస్తుందట, నాలుక చురుక్కుమనదట. అంటే ముద్ర పోయినా పైపు ఎవరిదో కొంతైనా కనిపెట్టే దారి ఉంది.

ముట్టించి చూడాలి. ఇది తాగడం కాదు. పరీక్ష.

నియమాలు:
1. ఒక్క నాలుగో పైపే.
2. పొగ మింగకూడదు.
3. ఇంట్లో కాదు, అమ్మకు కనబడేచోట అసలే కాదు.
4. ఫలితం డైరీలో రాయాలి.

23 నవంబర్, ఆదివారం

ఉదయం 11.00. రైలు పట్టాల పక్కన. పైపు పొగాకు ఎక్కడా దొరక్క రెండు సిగరెట్లు కొని విప్పి పోశాను.

ఫలితం: చల్లగా ఉందనిపించింది. చురుక్కుమన్నట్టు కూడా ఉంది. తేల్చి చెప్పలేను.

పొగ కొంచెం లోపలికి పోయింది. గాలి అటు నుంచి వచ్చింది.

26 నవంబర్, బుధవారం

ఒక పైపు చల్లగా ఉందని చెప్పాలంటే దేనితో పోల్చి చెప్పాలి? అందుకే మొదటి నియమం సవరించాను. ఒకటో పైపు: వేడి. రెండు: గుర్రుమని నీరు పలికింది. మూడు: బాగుంది. మూడు, మళ్లీ: బాగుంది.

29 నవంబర్, శనివారం

మూడు: బాగుంది.

2 డిసెంబర్, మంగళవారం

రాయబుద్ధి కావడం లేదు. కానీ రాస్తాను.

అమ్మ దగ్గు తగ్గింది. మంచినీళ్ల నల్లా దగ్గరికి తనే వెళ్లి చిన్న బిందె పట్టుకొచ్చింది, మధ్యలో ఆగకుండా. దవాఖాన నుంచి వచ్చిన రోజు మంచం నుంచి గడప దాకా రావడానికి రెండుసార్లు ఆగింది. గడప మీద ఉత్త పైపు పెట్టుకుని కూచుంటే పక్క లైనోళ్లు కూడా చూడ్డానికొస్తున్నారు. అందరికీ చెప్తోంది, "మా ఉపేందరు ఇడిసిండు. గందుకే నేను ఇడిసిన," అని.

నన్ను అడిగింది. "గట్టిగనే ఉన్నవు గద కొడుకా?"

"ఆ," అన్నాను.

సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మకు అబద్ధం చెప్పడం చిన్నప్పుడు కూడా నాకు చేతకాలేదు. రేపటి నుంచి ముట్టను.

5 డిసెంబర్, శుక్రవారం

ఆలోచిస్తే, నేను అమ్మకు మాటిచ్చింది సిగరెట్ల గురించి. పైపు గురించి అసలు అనుకోనేలేదు. సిగరెట్టు కాగితం చింపి పారేశాక అది సిగరెట్టు ఎట్లా అవుతుంది? డ్యూటీకి ముందు ఒకటి, తర్వాత ఒకటి. అంతే. ఎనిమిది నుంచి రెండుకు వచ్చానంటే మెచ్చుకోవాలి.

ఆదివారం నుంచి పూర్తిగా బంద్.

8 డిసెంబర్, సోమవారం

సాయంత్రం 5.00. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయం 6.40కి టీ కొట్టు వెనక మూడో పైపు కాల్చాను. సైరన్ మోగింది. గిన్నె దులిపి ప్యాంటు జేబులో వేసుకుని డ్యూటీకి పరుగెత్తాను. పదకొండేళ్లలో నా జేబు ఎవడూ చూడలేదు. వెతికేవాణ్ణి నేను కదా.

ఇవాళ గనుల రక్షణ పక్షోత్సవాల మొదటి రోజని మరిచిపోయాను. జెండా, ప్రతిజ్ఞ, మైకు. మేనేజరు గారు మైకు తీసుకుని, "ఈసారి కొత్త పద్ధతి. తనిఖీ చేసేవాళ్లనే కార్మికులు ముందు తనిఖీ చేయాలి," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అప్పటికీ జేబు గుర్తు రాలేదు.

వరసలో ముందున్న రాయమల్లును పిలిచారు. పోయిన ఎండాకాలం చెవి సందున ఒక్క బీడీ పెట్టుకుని మరిచిపోతే నేను పట్టుకుని మేనేజరుకు రాసి పంపిన రాయమల్లును.

"చేతులు లేపు అన్నా," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. పైజేబు చూశాడు, ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాడు, పెట్టినవాడు అలాగే ఆగిపోయాడు. పైపు బయటకు తీసి అరచేతిలో పట్టుకున్నాడు.

"సార్, ఇది ఎచ్చగున్నది," అన్నాడు.

మేనేజరు గారు ఇదేంటని అడిగారు.

"పాత పైపు సార్. వందేళ్ల నాటి వస్తువు. సేకరిస్తున్నాను," అన్నాను. అది నాలుగోది, ఇది మూడోది, భయంలో అబద్ధం కూడా తప్పు చెప్పాను.

"వందేళ్ల నుంచి ఇంకా ఆరలేదా?" అన్నారు.

షిఫ్టు మొత్తం నవ్వింది. నా చేతికి మెమో వచ్చింది. రేపటి నుంచి ల్యాంప్ రూములో దీపాలు అందించే పని. తనిఖీ రాయమల్లుకు ఇచ్చారు. అతను ఒక్కడే నవ్వలేదు, పైపును నా చేతిలో పెట్టి, "పదిలంగ పట్కపో అన్నా," అన్నాడు. నవ్వినా బాగుండేది.

ఇల్లు చేరేసరికి కబురు నాకన్నా ముందే చేరింది. అమ్మ గడప మీద ఉంది. ఒడిలో చుట్టల డబ్బా, మూత తీసి ఉంది. బేరం నేనే తప్పాను, ఇక ఆమెను ఆపడానికి నాకు నోరెక్కడుంది?

"ఎన్నొద్దులాయె?" అంది.

"పదహారు రోజులు."

"నాకెరుకే."

నేను తల ఎత్తాను.

"మొదటి ఆదివారమే ఎరుక. యాభై ఏండ్లు పొగాకు తాగినదాన్ని, నీ అంగి వాసన పడితె తెల్వదా? సిగరెట్లు ఇప్పి పోసినవు. ఇంత మంచి పైపుల గంత చెత్త పొగాకు."

"మరి నువ్వు ఎందుకు తాగలేదమ్మా? నేను తాగిన్నాడు తాగుత అన్నవు గద."

డబ్బాలోంచి ఒక చుట్ట తీసి వాసన చూసింది. చాలాసేపు చూసింది. మళ్లీ డబ్బాలో పెట్టేసింది.

"నేను గూడ మొదలువెడితె, నువ్వు ఎవల్ని జూసి ఇడుస్తవురా?"

అక్కడే గడప కింద కూచుని ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది, ఆ చేతి నిండా పొగాకు వాసనే. కాసేపయ్యాక, "సాలు తియ్యి, అందరు జూస్తున్నరు," అంది. నిజంగానే చూస్తున్నారు.

9 డిసెంబర్, మంగళవారం

ఉదయం 5.15. మళ్లీ మొదటి రోజు. మనసు తేలికగా ఉంది.

సంకల్పం: పైపులు సేకరించాలి, కనిపెట్టాలి. భూతద్దంతో మాత్రమే. పరీక్షలు రద్దు, పోలికలు రద్దు, సవరణలు రద్దు. ముద్ర లేనిది ముద్ర లేనిదిగానే ఉండనీ. బక్రీద్ కాబట్టి సాయంత్రం గులాం అలీ చాచా ఇంటికి వెళ్లాలి. ఏడేళ్ల కిందటి ఇంకో పెట్టె ఉందన్నాడు, అందులో రెండు పైపులుండొచ్చట.

అమ్మ లేచి వచ్చి పక్కన కూచుంది. ఏం రాస్తున్నావని అడిగింది. చదివి వినిపించాను. ఉత్త పైపు నోట్లోంచి తీసింది.

"నాది గూడ రాయి. నాది ముప్పై ఏడు," అంది.

రాశాను. అమ్మ: 37. దాని కింద, నేను: 1.